ఆబ్జెక్ట్ తయారీలో టైప్‌ఎర్రర్: సరిచేయాల్సింది ఎక్కడ?

పైథాన్‌లో విద్యార్థి వివరాలకు ఒక క్లాస్ రాసి, పేరు, రోల్ నంబరు అనే రెండు పారామీటర్లు పెట్టామనుకుందాం. ఆబ్జెక్ట్ తయారు చేసేటప్పుడు పేరు ఒక్కటే ఇచ్చి రోల్ నంబరు మరిచిపోతే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. టైప్‌ఎర్రర్ వచ్చిందని, తప్పనిసరిగా ఇవ్వాల్సిన ఆర్గ్యుమెంట్ ఒకటి అందలేదని తెరమీద పడుతుంది. క్లాసుల పాఠం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థికీ ఇది పరిచయమవుతుంది. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ, ఎవరో రాసిన లైబ్రరీ కొత్త వెర్షన్‌కి మారినప్పుడు ఇదే ఎదురవుతుంది. దీన్ని పోగొట్టడం కష్టం కాదు. కాల్ చేసే చోట ఏదో ఒక విలువ ఇరికించవచ్చు. క్లాస్‌లో ఆ పారామీటర్‌కి ఏమీ లేదని అర్థమిచ్చే నన్ అనే డిఫాల్ట్ విలువ పెట్టవచ్చు. ఎన్ని ఆర్గ్యుమెంట్లు వచ్చినా పుచ్చుకునేలా నక్షత్రం గుర్తుతో పారామీటర్ రాసేయవచ్చు. ఏది చేసినా ఎర్రర్ పోతుంది. పోయిన తరువాత ప్రోగ్రాం సరైనదైందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ఎర్రర్ పోవడం, తప్పు పోవడం ఒకటేనని అనుకోవడం వల్లే ఈ చిన్న ఎర్రర్ పెద్ద నష్టాలకు దారి తీస్తోందని నా అభిప్రాయం. చూడటానికి ఇది లెక్క తప్పిందని చెప్పే ఎర్రర్. నిజానికి అది అడుగుతున్నది, ఈ ఆబ్జెక్ట్ ఏ వివరాలు లేకుండా ఉండటానికి వీల్లేదు అని. ఆ ప్రశ్నకు జవాబు కాల్ చేసే చోట దొరకదు, క్లాస్ నిర్వచనంలో ఉండాలి. ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర చూసినా మొగ్గు ఆ దిక్కుకే కనిపిస్తుంది.

ఆర్గ్యుమెంట్ల లెక్క తప్పితే దాన్ని టైప్‌ఎర్రర్ అనడం ఎందుకని కొత్తవాళ్లకు సందేహం వస్తుంది. అంకె ఇవ్వాల్సిన చోట అక్షరాలు ఇస్తే టైప్ తప్పిందనడంలో అర్థముంది, తక్కువ ఇస్తే టైప్‌కి ఏం సంబంధం? సంబంధం ఉంది. ఒక ఫంక్షన్ ఎన్ని విలువలు కోరుతుంది, ఏ వరసలో కోరుతుంది, వాటిలో ఏవి తప్పనిసరి అన్నవన్నీ కలిస్తేనే దాని స్వరూపం. ఆ స్వరూపానికి సరిపడని కాల్ వచ్చిందంటే, ఆ ఫంక్షన్ తనది కాని పని చేయమని అడిగించుకుంటున్నట్టే. పీహెచ్‌పీ భాషలో ఆర్గ్యుమెంట్లు తక్కువైతే వచ్చే ఎర్రర్‌కి వేరే పేరున్నా, అది టైప్‌ఎర్రర్ కిందనే ఉంటుంది. రూబీ దీన్ని ఆర్గ్యుమెంట్‌ఎర్రర్ అంటుంది. జావాలో ప్రోగ్రాం రన్ కాకముందే, కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది. పేర్లూ వేళలూ వేరైనా విషయం ఒక్కటే.

పైథాన్‌లో ఈ ఎర్రర్ అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది సెల్ఫ్ దగ్గర. ఆబ్జెక్ట్‌ని సిద్ధం చేసే ఇనిట్ మెథడ్‌కి మొదటి పారామీటర్ సెల్ఫ్. కాల్ చేసేటప్పుడు దాన్ని మనం ఇవ్వం, పైథాన్ తానే ఇస్తుంది. రాసేటప్పుడు సెల్ఫ్ మరిచిపోయి, పేరు, రోల్ నంబరు రెండే రాశామనుకోండి. కాల్‌లో రెండూ సరిగ్గా ఇచ్చినా, రెండు పుచ్చుకోవాల్సిన చోట మూడు ఇచ్చారని ఎర్రర్ వస్తుంది. ఇచ్చినవాడికి తాను రెండే ఇచ్చానని స్పష్టంగా తెలుసు. మూడోది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక, సరిగ్గా ఉన్న కాల్‌నే కెలికి ఒక ఆర్గ్యుమెంట్ తీసేస్తాడు. అప్పుడు రెండుకు రెండు సరిపోయి ఎర్రర్ పోతుంది, పేరు ఉండాల్సిన చోటికి ఆబ్జెక్టే వచ్చి కూర్చుంటుంది. లెక్క చూసి సరిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అసలు సెల్ఫ్‌ని రాయాల్సిన అవసరమే లేకుండా చేయాలన్న వాదన పాతదే. 2008లో ప్రోగ్రామింగ్ పుస్తకాల రచయిత బ్రూస్ ఎకెల్ ఆ ప్రతిపాదన చేసినప్పుడు, పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ సెల్ఫ్ ఎందుకు ఉండి తీరాలో వివరంగా రాశారు. ఆబ్జెక్ట్ మీద మెథడ్‌ని పిలవడమూ, క్లాస్ మీద అదే మెథడ్‌ని పిలిచి ఆబ్జెక్ట్‌ని మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడమూ ఒకటేనన్న సూత్రం అప్పుడు దెబ్బతింటుందన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. బయట రాసిన మామూలు ఫంక్షన్‌ని తరువాత క్లాస్‌లో చేర్చుకోవడం, డెకరేటర్లు పనిచేయడం కూడా దానిమీదే ఆధారపడ్డాయి. ఆ వాదన నాకు సమంజసంగానే తోస్తుంది. సెల్ఫ్ కనబడుతూ ఉండటం తప్పు కాదు. ఎర్రర్ సందేశం దాన్ని కూడా కలిపి లెక్కపెట్టి, కలిపానని చెప్పకపోవడమే లోపం.

ఇదే కుటుంబానికి చెందిన మరికొన్ని రూపాలున్నాయి. ఇనిట్ పేరుకి ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉండాలి. ఒక్కోటే రాస్తే పైథాన్ దాన్ని మామూలు మెథడ్ అనుకుంటుంది. ఆర్గ్యుమెంట్లు ఇచ్చి ఆబ్జెక్ట్ చేయబోతే, ఈ క్లాస్ ఆర్గ్యుమెంట్లే పుచ్చుకోదని ఎర్రర్ వస్తుంది. మన కళ్లకు ఇనిట్ కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి కాదు. డేట్‌టైమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసుకుని, లోపలున్న అదే పేరు గల క్లాస్ బదులు మాడ్యూల్‌నే కాల్ చేస్తే, మాడ్యూల్‌ని కాల్ చేయలేమని టైప్‌ఎర్రర్ వస్తుంది. అమలు చేయాల్సిన మెథడ్ మిగిలిపోయిన అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ నుంచి ఆబ్జెక్ట్ అడిగినా టైప్‌ఎర్రరే. ఇవన్నీ పైకి వేరువేరుగా కనబడినా, మనం అనుకున్న క్లాస్ వేరు, కంప్యూటర్‌కి కనిపిస్తున్న క్లాస్ వేరు అన్న ఒక్క సంగతినే బయటపెడుతున్నాయి.

ఎర్రర్ సందేశాలు మారుతూ వచ్చిన తీరు గమనించదగ్గది. 2012లో 3.3 వెర్షన్ వచ్చేదాకా పైథాన్ చెప్పేది అంకెలే: సరిగ్గా మూడు కావాలి, రెండిచ్చారు. ఆ మూడులో సెల్ఫ్ కలిసి ఉందో లేదో చెప్పేది కాదు, రానిది ఏదో చెప్పేది కాదు. 3.3 నుంచి, రాని ఆర్గ్యుమెంట్ పేరు సందేశంలోకి వచ్చింది. 2021లో వచ్చిన 3.10లో ఇనిట్ ముందు క్లాస్ పేరు కూడా చేరింది. వారసత్వంతో నాలుగైదు క్లాసులు గొలుసుగా ఉన్నచోట ఇది పెద్ద ఊరట, ఎందుకంటే అంతకుముందు ఏ క్లాస్ ఇనిట్ గురించి మాట్లాడుతోందో సందేశంలో తెలిసేది కాదు. 3.11లో, ఎర్రర్ దాకా నడిచిన కాల్స్‌ని చూపే ట్రేస్‌బ్యాక్ వరసలో తప్పు జరిగిన భాగం కింద గుర్తులు పెట్టడం మొదలైంది. 2024లో వచ్చిన 3.13లో, ఆర్గ్యుమెంట్ పేరు తప్పుగా రాస్తే మీరు రాయాలనుకున్నది ఇదా అని దగ్గరి పేరు సూచించడం కూడా వచ్చింది. ఈ మార్పులన్నీ నడిచింది అంకెల నుంచి పేర్ల వైపు. ఎన్ని తక్కువయ్యాయన్న దానికంటే ఏది రాలేదన్నదే మనిషికి పనికొచ్చే సమాచారమని భాషను నడిపేవాళ్లు గ్రహించారనడానికి ఇదే సాక్ష్యం.

సందేశం ఎంత బాగుపడినా, సరిచేసే పద్ధతి మారకపోతే ప్రయోజనం సగమే. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది నన్ మందు. రోల్ నంబరు రాలేదని ఎర్రర్ వచ్చింది, దానికి నన్ అని డిఫాల్ట్ పెట్టేశారు, ప్రోగ్రాం నడిచింది. రోల్ నంబరు లేని విద్యార్థి ఆబ్జెక్ట్ పుట్టింది. అది జాబితాలో చేరింది, ఫైల్‌కి వెళ్లింది, మూడు ఫంక్షన్లు దాటింది. చివరకు రోల్ నంబర్ల వరసలో జాబితా పేర్చే చోట, అంకెని నన్‌తో పోల్చలేనంటూ మళ్లీ టైప్‌ఎర్రర్ వచ్చింది. ఈసారి సందేశంలో విద్యార్థి క్లాస్ పేరు లేదు, ఏ కాల్‌లో లోపం జరిగిందో లేదు. మొదట వచ్చిన ఎర్రర్ తప్పు జరిగిన వరసనే వేలుపెట్టి చూపింది. రెండోది వచ్చేసరికి తప్పుకీ ఎర్రర్‌కీ మధ్య దూరం పెరిగింది, వెతుకులాట ఆ దూరంతోపాటు పెరిగింది. శూన్య సూచికను (నల్ రిఫరెన్స్) 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో లండన్ ప్రసంగంలో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటు అని చెప్పుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. డిఫాల్ట్ నన్ పెట్టినప్పుడల్లా ఆ పొరపాటుని మన క్లాస్‌లోకి మనమే ఆహ్వానిస్తున్నాం. కొన్ని వివరాలు నిజంగానే ఐచ్ఛికం, వాటికి నన్ ఉండటంలో తప్పు లేదు. విద్యార్థికి ఈమెయిల్ లేకపోవచ్చు. రోల్ నంబరు లేకపోవడం మాత్రం ఆ సంస్థ నియమాల ప్రకారం కుదురుతుందా లేదా అని ముందు తేల్చుకోవాలి. ఎర్రర్ వచ్చింది కాబట్టి ఐచ్ఛికం అయిపోదు.

అసలు ఈ ఎర్రర్ లేకుండా ఉంటే ఏమవుతుందన్నది ఊహించుకోనక్కర్లేదు, అలాంటి భాషలు మన ముందే ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో కన్‌స్ట్రక్టర్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాల్సిన చోట ఒకటే ఇస్తే ఫిర్యాదు ఉండదు, రెండోది అన్‌డిఫైన్డ్‌గా నిండుతుంది. దానితో లెక్క చేస్తే అంకె కానిదొకటి వస్తుంది, ఆ ఫలితం మరో లెక్కలోకి పోతుంది, చివరకు వెబ్ పేజీలో ధర ఉండాల్సిన చోట అర్థంలేని అక్షరాలు కనబడతాయి. ఆ భాషలో పాతరోజుల్లో న్యూ అన్న మాట మరిచి కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్‌ని మామూలుగా పిలిస్తే ఇంకా ఘోరం జరిగేది: ఆబ్జెక్ట్‌లోకి వెళ్లాల్సిన విలువలు నిశ్శబ్దంగా గ్లోబల్ వేరియబుల్స్ అయిపోయేవి. 2009 నాటి ప్రమాణంలో వచ్చిన స్ట్రిక్ట్ మోడ్ ఆ దారి మూసింది. 2015లో క్లాసులు వచ్చాక, న్యూ లేకుండా క్లాస్‌ని పిలిస్తే నేరుగా టైప్‌ఎర్రర్ వస్తుంది. పీహెచ్‌పీ ప్రయాణం కూడా అటువైపే. ఆర్గ్యుమెంట్ తక్కువైతే ఒక హెచ్చరిక ఇచ్చి ముందుకు సాగిపోయే ఆ భాష, 2016 డిసెంబరులో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి అక్కడే ఎర్రర్ విసరడం మొదలుపెట్టింది. పాత కోడ్ విరిగిపోతుందని తెలిసీ ఈ మార్పు చేశారు. రెండు భాషలూ వదులుగా మొదలై, వాడుకలో దెబ్బలు తిని, బిగువు వైపు వచ్చాయి. ఈ ఎర్రర్‌ని అడ్డంకిగా చూసేవాళ్లు ఈ చరిత్రకు ఏదైనా సమాధానం చెప్పాలి.

ఈ బిగువు వెనక ఒక పాత సిద్ధాంతముంది. నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67లోనే క్లాసులకు పారామీటర్లున్నాయి, ఆబ్జెక్ట్ చేసేటప్పుడు వాటిని ఇవ్వాలి. ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం నిజంగా నిలవాల్సిన షరతుల గురించి హోర్ 1972లో రాశారు. బెర్ట్రాండ్ మేయర్ ఐఫెల్ భాషలో ఆ ఆలోచనను క్లాస్ నిర్వచనంలో భాగం చేశారు: ఆబ్జెక్ట్‌ని సృష్టించే ప్రొసీజర్ ముగిసేసరికి ఆ షరతులన్నీ నెరవేరి ఉండాలి, ఆ తరువాత ప్రతి మెథడూ వాటిని కాపాడాలి. కన్‌స్ట్రక్టర్ ఉన్నది ఇందుకే. దరఖాస్తు ఫారంలో చుక్క గుర్తు పెట్టిన గడులు నింపకపోతే కౌంటర్‌లో తీసుకోరు. ఆ గడులేవో తీసుకునే కార్యాలయం నిర్ణయిస్తుంది, నింపేవాడి తొందర నిర్ణయించదు. ఖాతా నంబరు లేని బ్యాంకు ఖాతా, ముగింపు తరువాత ప్రారంభమయ్యే కాలవ్యవధి వంటివి తయారు కాకుండా ఆపగలిగే ఒకే ఒక్క చోటు పుట్టుక. అక్కడ ఆపితే మిగతా ప్రోగ్రాం అంతా ఆ వివరం ఉందా లేదా అని అడుగడుగునా తనిఖీ చేసుకోవాల్సిన పని తప్పుతుంది.

దీనికి ఎదురుగా ఉన్న వాదనల్లో బలమైనదాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. జెఫ్రీ స్టైలోస్, స్టీవెన్ క్లార్క్ 2007లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ విషయం మీదే జరిగింది. కన్‌స్ట్రక్టర్‌లో తప్పనిసరి పారామీటర్లు పెడితే ప్రోగ్రామర్లకు దారి చూపినట్టవుతుందని, తప్పులు తగ్గుతాయని వాళ్లు ముందు ఊహించారు. వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లతో పనులు చేయించి చూస్తే ఫలితం తిరగబడింది. ఖాళీగా ఆబ్జెక్ట్ చేసుకుని తరువాత ఒక్కొక్క వివరం నింపుకునే పద్ధతినే వాళ్లు గట్టిగా ఇష్టపడ్డారు, దానితోనే పని బాగా చేశారు. తప్పనిసరి పారామీటర్లు, ఇంకా ఏమీ తెలియకముందే నిర్ణయాలు తీసుకోమని బలవంతపెడుతున్నాయని, తెలియని లైబ్రరీని తడిమి చూస్తూ నేర్చుకునే సహజ పద్ధతికి అడ్డుపడుతున్నాయని ఆ పరిశోధకులు వివరించారు. జావా ప్రపంచంలో జావాబీన్స్ సంప్రదాయం నిలబడింది కూడా ఈ సౌలభ్యం మీదే: ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్, ఆ పైన సెట్టర్ మెథడ్లు. డేటాబేస్ పట్టికలకు ఆబ్జెక్టులను జతచేసే జేపీఏ ప్రమాణం ఈనాటికీ ఎంటిటీ క్లాస్‌కి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఉండాలంటుంది.

ఈ ఫలితాన్ని నేను నమ్ముతాను, దాని నుంచి తీసే తీర్మానాన్ని మాత్రం ఒప్పుకోను. ఆ పరిశోధన కొలిచింది కొత్త లైబ్రరీతో మొదటి పరిచయాన్ని. సగం నిండిన ఆబ్జెక్ట్ చేసే నష్టం మొదటి గంటలో కనబడదు. రెండేళ్ల తరువాత, ఆ కోడ్ రాసినవాళ్లు వేరే కంపెనీకి వెళ్లిపోయాక, ఒక సెట్టర్‌ని పిలవడం మరిచిన కొత్త ఉద్యోగికి కనబడుతుంది. ఎఫెక్టివ్ జావా రచయిత జాషువా బ్లోక్ జావాబీన్స్ మీద ఎత్తిచూపిన లోపం ఇదే: నిర్మాణం పలు కాల్స్‌గా చీలిపోవడంతో మధ్యలో ఆబ్జెక్ట్ పొంతన లేని స్థితిలో ఉండిపోవచ్చు, మార్పులేని ఆబ్జెక్ట్ చేసే అవకాశం కూడా పోతుంది. ఆయన చూపిన ప్రత్యామ్నాయం బిల్డర్. వివరాలు ఒక్కొక్కటిగా చేరుస్తూ పోవచ్చు, చివరి అడుగులో మాత్రమే ఆబ్జెక్ట్ పుడుతుంది, తప్పనిసరివి లేకపోతే అక్కడే ఆగుతుంది. తడిమి చూసే సౌలభ్యమూ మిగులుతుంది, సగం ఆబ్జెక్టులూ పుట్టవు. అయితే ఆ పరిశోధన నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఒకటి నిజంగా ఉంది. తప్పనిసరి అన్న ముద్రను పొదుపుగా వాడాలి. తొమ్మిది పారామీటర్లు తప్పనిసరిగా అడిగే క్లాస్ రాసినవాళ్లు, దాన్ని వాడేవాళ్లు విసిగి నన్‌లు ఇరికిస్తున్నారని బాధపడితే అందులో సగం బాధ్యత తమదే. అన్ని వివరాలు కోరుతోందంటే ఆ క్లాస్ రెండు మూడు క్లాసుల పని చేస్తుండవచ్చు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. లెక్క సరిపోతే సరిపోయినట్టేనా? వ్యక్తి అనే క్లాస్‌కి మొదటి పేరు, చివరి పేరు అనే రెండు పారామీటర్లు ఉన్నాయనుకోండి. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు చెప్పి, పేరు తరువాత చెబుతాం. గురజాడ అప్పారావు అని వరసగా ఇస్తే గురజాడ మొదటి పేరవుతుంది, అప్పారావు ఇంటిపేరవుతుంది. రెండూ స్ట్రింగులే, సంఖ్య కూడా రెండే, కాబట్టి పైథాన్ ఏమీ అనదు. టైపులను ముందే పరిశీలించే జావా కంపైలర్ కూడా ఏమీ అనదు. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్‌లో, విమానం టికెట్‌లో పేరు ముందువెనకలై విదేశాల్లో తెలుగు విద్యార్థులు తిప్పలు పడటం తెలిసిందే. వ్యక్తుల పేర్లు దేశదేశానికీ వేరుగా ఉంటాయని, మొదటి, చివరి అన్న విభజన అందరికీ వర్తించదని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రత్యేకంగా మార్గదర్శకమే ప్రచురించింది. విలువలు సరిపడి అర్థం తప్పితే ఎంత దూరం పోగలదో 1999 సెప్టెంబరు 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చూపించింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరో సాఫ్ట్‌వేర్ న్యూటన్లలో ఉన్నాయనుకుంది. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి, నౌక మాత్రం అంగారకుడి దగ్గర పోయింది.

అందుకే ఆబ్జెక్ట్ తయారీలో ఆర్గ్యుమెంట్లను వరసతో కాక పేరుతో ఇవ్వడమే సరైన పరిష్కారమని నేను గట్టిగా అంటాను. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి, పారామీటర్ల జాబితాలో ఒంటరి నక్షత్రం గుర్తు పెడితే దాని తరువాతివన్నీ పేరుతోనే ఇవ్వాలి. ఇంటిపేరు ఇది, పేరు ఇది అని రాసి ఇచ్చినప్పుడు వరస మారినా నష్టం లేదు. ఏదైనా తక్కువైతే వచ్చే టైప్‌ఎర్రర్ ఆ పేరునే చెబుతుంది. క్లాస్‌లో కొత్త పారామీటర్ చేర్చాల్సి వస్తే పాత కాల్స్ తప్పుడు గడుల్లోకి జారిపోవు. రస్ట్ భాషలో స్ట్రక్ట్ విలువ రాసేటప్పుడు ప్రతి ఫీల్డ్ పేరూ చెప్పి తీరాలి, ఒక్కటి తప్పినా కంపైలర్ ఆపేస్తుంది. కోడ్ పొడవు పెరుగుతుందని దీనిమీద ఒక ఫిర్యాదుంది. పెరుగుతుంది. ఒక్కసారి రాసి పదిసార్లు చదివే కోడ్‌లో ఆ నాలుగు మాటలు చదివేవాడి కాలాన్ని మిగులుస్తాయి. ఎక్స్, వై ఇచ్చే బిందువు వంటి క్లాసులకు వరస అందరికీ తెలిసిందే కనుక పేర్లు అనవసరం అన్నంత వరకు ఆ ఫిర్యాదుని ఒప్పుకుంటాను.

2018లో పైథాన్ 3.7తో వచ్చిన డేటాక్లాసులు ఈ పనిని చాలా తేలిక చేశాయి. ఫీల్డులు, వాటి టైపులు రాస్తే చాలు, ఇనిట్ దానంతటదే తయారవుతుంది. సెల్ఫ్ మరిచే తప్పుకీ, అండర్‌స్కోర్ల తప్పుకీ చోటే ఉండదు. కానీ వరస మీద ఆధారపడటం అక్కడా ఇబ్బంది పెట్టింది. మాతృ క్లాస్‌లో డిఫాల్ట్ ఉన్న ఫీల్డ్ ఒకటుండి, పిల్ల క్లాస్‌లో డిఫాల్ట్ లేని ఫీల్డ్ చేర్చితే, క్లాస్ నిర్వచించే దగ్గరే టైప్‌ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే తప్పనిసరి పారామీటర్ ఐచ్ఛికం తరువాత రాకూడదు. దీన్ని తప్పించుకోవడానికి చాలామంది పట్టింది మళ్లీ ఆ నన్ దారినే, తప్పనిసరి ఫీల్డ్‌కి ఉత్తుత్తి డిఫాల్ట్ పెట్టి. 3.10లో ఫీల్డులను పేరుతోనే ఇచ్చేలా చేసే సౌకర్యం వచ్చాక ఆ అవస్థ తీరింది. మూడేళ్లపాటు వేధించిన చిక్కుకు విరుగుడు దొరికింది కూడా పేర్లలోనే.

వారసత్వంలో మరో దురలవాటు పాతుకుపోయింది. మాతృ క్లాస్ ఇనిట్‌కి ఏమేం కావాలో చూడకుండా, వచ్చినవన్నీ నక్షత్రాల పారామీటర్లతో పుచ్చుకుని పైకి తోసేయడం. పలు క్లాసుల నుంచి వారసత్వం తీసుకుని, అవన్నీ సూపర్ అనే ఫంక్షన్ ద్వారా సహకరించుకోవాల్సిన చోట ఇది అవసరమే. రేమండ్ హెట్టింగర్ 2011లో సూపర్ గురించి రాసిన వ్యాసం దాని పద్ధతిని వివరించింది: ప్రతి క్లాస్ తనకు కావలసిన పేర్లు తీసుకుని మిగిలినవి పైకి పంపాలి, గొలుసు చివరికి చేరేసరికి ఏమీ మిగలకూడదు. మిగిలితే అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్ క్లాస్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది. అంటే ఆ పద్ధతిలోనూ చివరి తనిఖీ ఈ ఎర్రర్‌దే. ఆ దురలవాటుకు ఇంకా చెడ్డ రూపం, వచ్చినవాటిని పైకి పంపకుండా మింగేయడం. అప్పుడు ఆర్గ్యుమెంట్ పేరు తప్పు రాసినా ఎవరూ పట్టుకోరు, ఇచ్చిన విలువ ఎక్కడా చేరదు.

టైప్ హింట్లు, మైపై వంటి పరికరాలు, టైప్‌స్క్రిప్ట్ వచ్చాక ఇదంతా పాతబడ్డ చర్చ అనేవాళ్లున్నారు. లెక్క తప్పు వరకు అది నిజం. మైపై ప్రోగ్రాం నడవకముందే రాని ఆర్గ్యుమెంట్‌ని చూపిస్తుంది, వాటిని వాడనివాళ్లు వాడాలని నేనూ కోరతాను. కానీ ఆ పరికరాలు రాసిన సిగ్నేచర్‌కీ, చేసిన కాల్‌కీ పొంతన చూస్తాయి. రోల్ నంబరు అంకె కావచ్చు, నన్ కూడా కావచ్చు అని రాసిన క్లాస్‌ని చూసి సరేనంటాయి. రోల్ నంబరు లేకుండా విద్యార్థి ఉండవచ్చా అన్నది వాటికి తెలిసే విషయం కాదు. కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాల విషయంలోనూ ఇంతే. ఎర్రర్ అతికించి సరిచేయమని మాత్రమే అడిగితే, ఎర్రర్ పోయే మార్పు ఏదైనా ఆ కోరికకు జవాబే అవుతుంది. ఆ కాలేజీ నియమాలు, ఆ వ్యాపారం నియమాలు మనం చెప్పకపోతే వాటికి తెలిసే దారి లేదు. సాధనం సూచించిన మార్పులో కొత్తగా డిఫాల్ట్ విలువ గాని, ఎన్నైనా పుచ్చుకునే నక్షత్రం పారామీటర్ గాని చేరిందంటే, ఎందుకు చేరిందని అడిగాకే అంగీకరించాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎందరో పిల్లలు ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో పైథాన్‌తో ఆబ్జెక్టులు నేర్చుకుంటున్నారు. వాళ్లకు పాఠం చెప్పేవాళ్లకు ఒక విన్నపం. టైప్‌ఎర్రర్ వచ్చిన పిల్లవాడి కోడ్‌లో మీరే ఒక మాట చేర్చి నడిపించి వెళ్లిపోకండి. ట్రేస్‌బ్యాక్‌ని కింది వరస నుంచి చదివించండి, అది చెబుతున్న క్లాస్ నిర్వచనం తెరిపించండి, ఆ పారామీటర్ లేకుండా ఈ ఆబ్జెక్ట్‌కి అర్థముందా అని అడగండి. క్లాసుల మీద ఇచ్చే మొట్టమొదటి ఉదాహరణలోనే ఆర్గ్యుమెంట్లను పేర్లతో ఇచ్చి చూపించండి.